మినిట్స్ పుస్తకంలో నా దస్తూరి (వాడ నుంచి – 17)



ఈ వారం రోస్టర్ పాయింట్ల గురించి రాస్తానని చెప్పాను. అది వచ్చే ఆదివారం. మధ్యలో ఒక ఫోన్ వచ్చింది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ముందు దాని సంగతి.

ఫోన్ చేసింది ఒక పీజీ కుర్రాడు. వాళ్ల యూనివర్సిటీ హాస్టల్లో ప్రతి శనివారం రాత్రి ప్రార్థన కూటం జరుగుతుంది. సీనియర్లు పోతుంటారు, జూనియర్లు వస్తుంటారు, కూటం మాత్రం ఏళ్ల తరబడి ఆగలేదు. ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాళ్లూ, ఫెలోషిప్ రాక ఫీజు కట్టలేనివాళ్లూ, సప్లీలు మిగిలినవాళ్లూ ఆ గదిలోనే ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. వాట్సాప్ గ్రూపులో మాటామాటా పెరిగి ముందు గ్రూపు రెండయింది. తర్వాత ప్రార్థన రెండయింది. మొన్న డిసెంబర్లో సెమీ క్రిస్మస్ కూడా రెండే, ఒకటి మెస్ హాల్లో, ఒకటి లైబ్రరీ వెనక. కేకులు మాత్రం రెండూ ఒకే బేకరీ నుంచి వచ్చాయట.

"అన్నా, జనవరి 18 నుంచి 25 దాకా క్రైస్తవ ఐక్యత ప్రార్థనా వారం కదా. మీరొచ్చి ఐక్యత, ఆత్మీయ ఎదుగుదల అనే అంశం మీద మాట్లాడాలి."

"ఎవరి మీటింగులో?" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. "అదే కదన్నా సమస్య" అన్నాడు.

వస్తానని వెంటనే చెప్పలేకపోయాను. ఐక్యత మీద మాట్లాడటం నాకు చేతకాక కాదు. ఇరవై ఐదేళ్లుగా మైకులు పట్టుకుని తిరుగుతున్నవాణ్ణి. కానీ ఈ విషయంలో నేను ముందు చెప్పుకోవాల్సింది ఒకటుంది. ఇన్నేళ్లలో ఏ మీటింగులోనూ చెప్పలేదు.

మాది పల్నాడులో ఒక ఊరు. ఊరు దాటితే మాలపల్లె, మాలపల్లె దాటితే మాదిగపల్లె. మాలపల్లెలో లూథరన్ గుడి. మాదిగపల్లెలో బాప్టిస్టు గుడి. చిన్నప్పుడు ఒక ఎండాకాలం పనిలేక లెక్కపెట్టాను, మా గుడి మెట్టు నుంచి వాళ్ల గుడి మెట్టుకి నూట అరవై అడుగులు. మధ్యలో ఒక చింతచెట్టు, ఒక బోరింగు. మాకు మిషన్ వాళ్లిచ్చిన గంట ఉండేది. వాళ్లకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. ఆదివారం పొద్దున రెండూ దాదాపు ఒకేసారి మోగేవి. ఆరో తరగతి దాకా నేను లూథరన్ అంటే మాల అనీ, బాప్టిస్టు అంటే మాదిగ అనీ అర్థమనుకున్నాను. హాస్టల్లో ఒక మాస్టారు మార్టిన్ లూథర్ జర్మనీ వాడని చెబితే, ఆయన ఏ పల్లె అని అడిగి దెబ్బలు తిన్నాను.

నవ్వొస్తుంది గానీ ఆ పిల్లాడి తెలివి తక్కువదేం కాదు. చరిత్ర కూడా దాదాపు అదే చెబుతుంది. అమెరికా నుంచి లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు వచ్చాడు. అమెరికన్ బాప్టిస్టు క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. క్లౌ ఒంగోలు రాగానే ఆయన దగ్గరికొచ్చిన తొలివాళ్లలో ఎర్రగుంట్ల పేరయ్య ఒకడు. తాళ్లకొండపాడు మాదిగ, తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగినవాడు. అంతకుముందే యోగ మార్గంలో గురువుల దగ్గర కూర్చుని, తన దగ్గర కూడా శిష్యులను కూర్చోబెట్టుకున్న మనిషి. అంటే దేవుణ్ణి వెతకడం మనకు తెల్లవాడు వచ్చి నేర్పింది కాదు. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఈ మాదిగ గురువుల కథలున్నాయి, వెతికి చదవండి. 1876-78 కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మనవాళ్లకు కూలి చూపించాడు. తిండి కోసం మతం మారారన్న మాట పడకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది నీళ్లలోకి దిగారు.

పేరయ్య సువార్తను మోసుకెళ్లింది ఎక్కడికి? తన బావమరుదుల ఊళ్లకు, వియ్యంకుల ఊళ్లకు, తోళ్లు కొనే ఇళ్లకు. మాలల్లో కూడా అంతే జరిగింది, వాళ్ల చుట్టాల ఊళ్ల వెంట. సువార్త చుట్టరికం దారిన నడిచింది. చుట్టరికం ఆగిన చోట ఆగింది. ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువయ్యారు, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువయ్యారు. అన్ని చోట్లా ఇలాగే ఉందని కాదు, తారుమారుగా ఉన్న ఊళ్లూ ఉన్నాయి. కానీ మా నూట అరవై అడుగులు మాత్రం అట్లా వచ్చినవే. మిషన్లు మనల్ని విడదీశాయని తేలిగ్గా తిట్టడం నాకిష్టం లేదు. మనం విడిగానే వెళ్లాం. వాళ్లు విడి విడి రిజిస్టర్లలో రాసుకున్నారు.

ఒక్కటి మాత్రం రెండు పల్లెలకీ ఒకటే. పాటల పుస్తకం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. లూథరన్లూ బాప్టిస్టులూ సీఎస్‌ఐ వాళ్లూ అందరూ వాడేది. మా నాయనమ్మకు చదువు రాదు. కానీ పుస్తకం చేతిలో ఉండాల్సిందే. తలకిందులుగా పట్టుకున్నా సరే, అయ్యగారు నంబరు చెబితే చాలు, పాట మొదటి మాట నుంచి చివరి చరణం దాకా వచ్చేసేది. చింతచెట్టు కింద నిలబడితే రెండు గుళ్ల నుంచి ఒకే పాట, ఒక చరణం తేడాతో వినపడిన ఆదివారాలు నాకు గుర్తున్నాయి.

ఇప్పుడు అసలు సంగతి.

1998. నాకు ఇరవై మూడేళ్లు. డిగ్రీ అయింది, అంబేడ్కర్‌ని చదువుతున్నాను, మీటింగుల్లో మాట్లాడుతున్నాను. మా సంఘానికి నన్ను సెక్రటరీని చేశారు, దస్తూరి బావుంటుందని. ఆ ఏడు మాదిగపల్లె గుడికి పాస్టరు లేడు. పాతాయన వెళ్లిపోయాడు, కొత్తాయన రాలేదు. ఎనిమిది నెలలుగా వాళ్లకు ప్రభు భోజనం లేదు. ఈస్టరు దగ్గరపడుతుంటే ఏడు కుటుంబాల వాళ్లు సంతకాలు, వేలిముద్రలు పెట్టి మా కమిటీకి ఒక విన్నపం పంపారు. మాకు పాస్టరు వచ్చేదాకా మీ గుడిలో మీతో పాటు సంస్కారం తీసుకుంటాం, కానుక కూడా వేస్తాం అని. ఆ కాగితం తెచ్చి నా చేతికిచ్చినవాడు నా హాస్టల్ స్నేహితుడు. నరసరావుపేటలో ఐదేళ్లు ఒకే కంచంలో తిన్నవాళ్లం. ‘ఏరా’ అంటే ‘ఏందిరా’ అనుకునేవాళ్లం.

ఆ కాలం ఎట్లాంటిదో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. 1994 జులై 7న ఈదుమూడిలో దండోరా పుట్టింది. 1997లో రాష్ట్రంలో వర్గీకరణ అమల్లోకి వచ్చింది. మా పల్లెలో అరుగుల మీద ఒకటే మాట, వాళ్లు మన ఉద్యోగాలు లాక్కుంటున్నారని. ఆ విన్నపం సరిగ్గా అప్పుడు వచ్చింది.

కమిటీ కూర్చుంది. ఎవరూ కులం పేరు ఎత్తలేదు. ఒక్కరంటే ఒక్కరు ఎత్తలేదు. గంటసేపు అందరం బాప్తిస్మం గురించి మాట్లాడాం. మనది చిలకరింపు, వాళ్లది ముంపు. మనం పసిబిడ్డలకిస్తాం, వాళ్లు పెద్దయ్యాకే ఇస్తారు. ఇవి నిజమైన తేడాలే, తేలిక చేయను. నాలుగు వందల ఏళ్లుగా వాటి మీద జనం వాదించుకున్నారు, చచ్చిపోయినవాళ్లూ ఉన్నారు. చివరికి పెద్దలు చెప్పారు, నేను రాశాను. ‘బాప్తిస్మ విధానములోను సంస్కార విశ్వాసములోను భేదములున్నందున, సంఘ క్రమశిక్షణ దృష్ట్యా వారి విన్నపము అంగీకరింపబడలేదు. ప్రార్థనతో సభ ముగిసినది.’ జవాబు ఉత్తరం కూడా నేనే రాశాను. కమిటీలో పెద్దలు చెప్పింది మాత్రమే రాశానని చాలా ఏళ్లు సర్దిచెప్పుకున్నాను. కానీ ‘భేదములున్నందున’ అనే మాట నాది. వాళ్లు ‘కుదరదని రాయి’ అన్నారు. దానికి వేదాంతం నేను తొడిగాను.

అదే సంవత్సరం మా కోతపండుగకు టౌన్ నుంచి ఒక కాంట్రాక్టరు గారు ముఖ్య అతిథిగా వచ్చారు. అగ్రకులం నుంచి ప్రభువును నమ్ముకున్న మనిషి. మంచివాడే, ఆయన మీద నాకేం లేదు. ఏదో స్వతంత్ర సంఘంలో కాలువలో మునిగి బాప్తిస్మం తీసుకున్నారు. ఆయనకు ముందు కుర్చీ వేశాం. బల్ల దగ్గరికి మొదట ఆయన్నే పిలిచాం. ముంపా చిలకరింపా అని ఎవరూ అడగలేదు. సెక్రటరీ కూడా అడగలేదు.

నా స్నేహితుడు నన్ను ఏమీ అనలేదు. తర్వాత బస్టాండులో కనపడితే "బావున్నారా?" అన్నాడు. ‘ఏరా’ పోయి ‘మీరు’ వచ్చింది. అంతే జరిగింది.

ఐక్యత గురించి అడిగిన కుర్రాడికి నేను చెప్పగలిగిన పెద్ద చరిత్ర కూడా ఉంది. అది చెప్పకుండా నా గొడవ ఒక్కటే చెబితే అన్యాయం. దక్షిణ భారతంలో చర్చిలు కలవాలన్న ప్రయత్నం చిన్నది కాదు. 1919లో తరంగంబాడిలో కూర్చుని ఒక ప్రకటన చేశారు, విదేశీ మిషన్లు తెచ్చిన విభజనలు మనవి కావు, మనం ఒక్కటి కావాలని. దాని వెనక ముఖ్యుడు వి.ఎస్. అజరయ్య. తిరునల్వేలి నాడార్ కుటుంబంలో పుట్టి, 1912లో ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్పు అయి, డోర్నకల్ వచ్చి మాలల మధ్య, మాదిగల మధ్య బతికినవాడు. ఆ ప్రకటన నుంచి 28 ఏళ్లు చర్చలు నడిచాయి. ఎక్కువ భాగం ఒకే ప్రశ్న మీద: ఎవరి చేతులు తల మీద ఉంచితే పాస్టరు అభిషేకం చెల్లుతుంది? చివరికి 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథెడ్రల్లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే కలిసివున్న ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ వాళ్లు ఒక్కటై సీఎస్‌ఐ అయ్యారు. బిషప్పులున్న చర్చీ బిషప్పులు లేని చర్చీ కలిసిపోవడం ప్రపంచమంతా ఆశ్చర్యంగా చూసిన సంగతి. స్వాతంత్ర్యం వచ్చిన నలభై మూడో రోజు. అజరయ్య చూడలేదు, 1945 జనవరి 1న పోయారు.

మన తెలుగు నేలలో నంద్యాల ఆంగ్లికన్లు ఆ రోజు కలవలేదు, 1975లో గానీ వచ్చి చేరలేదు. లూథరన్లూ బాప్టిస్టులూ అప్పుడూ చేరలేదు, ఇప్పటికీ లేరు. కాబట్టి మా చింతచెట్టుకు 1947 రానేలేదు. పోనీ కలిసిన చోట? అక్కడ గుడి ఒకటే, పుస్తకం ఒకటే. ఎన్నికలొస్తే ఏ కులం ఓట్లెన్ని అనే లెక్క తెలియని డయోసిస్ ఉంటే చెప్పండి, వెళ్లి చూసొస్తాను. చేతులు ఎవరివైతే చెల్లుతాయో 28 ఏళ్లు ఆలోచించారు. ఆ చేతులతో ఇచ్చిన గిన్నెను ఎవరి తర్వాత ఎవరు తాగుతారనేది ఎజెండాలోకి రాలేదు.

బాబాసాహెబ్ మాత్రం సూటిగా అదే అడిగారని చెబుతారు. అజరయ్య గురించి రాసినవాళ్లు తరచూ చెప్పే సంగతి ఇది. 1935లో యెవలాలో హిందువుగా చావనని ప్రకటించాక, ఏ మతంలోకి వెళ్లాలని ఆలోచిస్తున్న కాలంలో, అంబేడ్కర్ అజరయ్యను రెండు ప్రశ్నలు అడిగారట. మేం క్రైస్తవులమైతే, ఎక్కడ ఉన్నా అందరం ఒకే చర్చిలో ఉంటామా? కులభేదం నుంచి పూర్తిగా బయటపడతామా? రెంటికీ అవునని చెప్పలేక, జీవితంలో ఎప్పుడూ పడనంత సిగ్గు పడ్డానని అజరయ్య చెప్పుకున్నారట. ఆ రెండు ప్రశ్నలు వేరు వేరు కావని గమనించండి. ఏ డినామినేషన్ అనేది, ఏ కులం అనేది ఆయనకు ఒకే ప్రశ్నలా కనిపించాయి. మా ఊరు చూడకుండానే మా ఊరి లెక్క తెలిసిన మనిషి. ఆయన రచనల ఐదో సంపుటంలో మతం మారిన అంటరానివాళ్ల గురించి రాసిన వ్యాసాలున్నాయి. క్రైస్తవ విద్యార్థులు వాటిని తప్పించుకుని తిరుగుతుంటారు. తిరగకండి.

ఇంకో ముడి కూడా ఉంది. 1950 ఆగస్టు 10 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా. హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులం వాడు కాడంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. మనల్ని కలపలేదు. అందుకే నాలాంటివాళ్లకు రెండేసి పేర్లు, బళ్లో ఒకటి, బాప్తిస్మంలో ఒకటి. దీని గురించి ఇక్కడ ఎక్కువ రాయను, ఎందుకో మీకు తెలుసు. ఒక్కటే అంటాను. ఆఫీసులో క్రీస్తు పేరు ఎత్తకూడదు. గుడిలో కులం పేరు ఎత్తకూడదు, క్రీస్తులో కులం లేదు కాబట్టి. ఇక ఈ పాపాన్ని ఒప్పుకోవడానికి మనకు చోటేది? మా కమిటీ గంటసేపు బాప్తిస్మం గురించి మాట్లాడింది ఇందుకే. మాదిగలు మా గిన్నె ముట్టకూడదని పైకి అనగలిగి ఉంటే, ఎవరో ఒకరు లేచి తప్పని అనేవాళ్లేమో.

ఆత్మీయ ఎదుగుదల సంగతి. మా కన్వెన్షన్లలో ఈ మాట వినీ వినీ అరిగిపోయింది. ఎన్ని ఉపవాసాలు, దశమభాగం సరిగ్గా ఇస్తున్నావా, తెల్లవారుజామున ఎన్నింటికి లేస్తున్నావు, సినిమాలు మానేశావా. ఎత్తు కొలిచే బద్ద ప్రతివాడి ఇంట్లో వాడికే ఉంటుంది. ఎఫెసీ పత్రిక నాలుగో అధ్యాయం చదివితే పౌలు లెక్క వేరు. అక్కడ పెరిగేది ఒక మనిషి కాదు, ఒక శరీరం. కీళ్లు కలిస్తేనే పెరుగుదల. మోకాలు ఒక్కటే నేను చాలా ఎదిగాను అంటే దాన్ని వాపు అంటాం.

నాకు ఇంకా దగ్గరగా తగిలేది గలతీ రెండో అధ్యాయం. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి కూర్చుని తింటుండేవాడు. యెరూషలేము నుంచి యాకోబు మనుషులు కొందరు వచ్చేసరికి భయపడి మెల్లగా ఆ బల్ల దగ్గర నుంచి లేచిపోయాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. మామూలుగా ఈ కథను సిద్ధాంతం గురించి చెబుతారు. అక్కడ జరిగింది తిండి దగ్గర. పేతురు నమ్మకం ఏమీ మారలేదు, కూర్చునే చోటు మారింది. పౌలుకు అది చాలు. హాస్టల్లో ఒకే కంచంలో తిని, ఊళ్లో పెద్దలు చూస్తుండగా కలం తీసినవాణ్ణి నేను. ఆ అధ్యాయం ఎక్కడ చదివినా నాకు మా మినిట్స్ పుస్తకం నీలం అట్ట కనపడుతుంది.

ఎదుగుదల అనే మాటకు నాకు తెలిసిన మనిషి నాయనమ్మే. ఆమెను దేవతను చేయను. మా చిన్న బాబాయి పుట్టినప్పుడు కాన్పు చేసింది మాదిగపల్లె మంత్రసాని. "ఆమె చేతిలో బిడ్డను తీసుకున్నా గానీ, ఆమె ఇచ్చిన నీళ్లు తాగలేదురా. దాహంతో చచ్చిపోతా కూడా మీ జేజినాయన కోసం చూస్తా పడుకున్నా" అని ఆమే చెప్పింది నాకు. అది చెప్పేటప్పుడు ఆమెకు డెబ్బై దాటాయి. అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు.

2011లో మా పాత గుడి పడగొట్టి స్లాబు వేయడం మొదలుపెట్టారు. పదకొండు నెలలు పట్టింది. మాదిగపల్లె వాళ్లు కబురు చేశారు, అప్పటిదాకా మా గుడిలో రెండో ఆరాధన పెట్టుకోండి, హాలు పెద్దది, ఫ్యాన్లున్నాయి అని. పదమూడేళ్ల కింద వాళ్ల కాగితం తిప్పి పంపిన గుడికి వాళ్లు పంపిన కబురు అది. మా పెద్దలు ధన్యవాదాలు చెప్పి, స్కూలు వరండాలో ఆరాధన పెట్టారు. తూర్పు ముఖం వరండా. తొమ్మిదింటికే ఎండ మొహాన కొడుతుంది.

నాయనమ్మ రెండు ఆదివారాలు చూసింది. మూడో ఆదివారం పాటల పుస్తకం చంకలో పెట్టుకుని, చేతికర్రతో నూట అరవై అడుగులు నడిచి వాళ్ల గుడికి పోయింది. పోవడమే కాదు, బల్లలో చెయ్యి కూడా వేసింది. ఆ సాయంత్రం ఇద్దరు పెద్దలు మా ఇంటికొచ్చారు. నేను ఊళ్లోనే ఉన్నాను ఆ రోజు.

"అత్తా, అటు పోయినావంట."

"పోయినా. ఫ్యాన్లున్నయ్ నాయనా ఆడ."

"సంస్కారం కూడా తీసుకున్నావంట."

"తీసుకున్నా. చిన్న చిన్న గ్లాసులు పెట్టారు, దగ్గు మందు పోసినట్టు. గొంతు కూడా తడవలా."

"మన విశ్వాసం వేరు కదత్తా."

"నాకు ఎనబై దగ్గర పడ్డయ్. ఈ వయసులో నన్ను తీసకపోయి ఎండలో కూసోబెట్టే విశ్వాసం ఏం విశ్వాసమో నువ్వే చెప్పు, నేర్చుకుంటా."

వాళ్లు మజ్జిగ తాగి వెళ్లిపోయారు. ఆమె ఆ పదకొండు నెలలూ అక్కడికే పోయింది. ఆమెను చూసి మరో నలుగురు ముసలాళ్లు పోయారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు. అంతకు మించి ఏ ఉద్యమమూ రాలేదు. స్లాబు పడ్డాక అందరూ వెనక్కి వచ్చారు. మంత్రసాని నీళ్ల నుంచి ఈ చిన్న గ్లాసు దాకా ఆమెకు దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

2014లో నాయనమ్మ పోయింది. మాదిగపల్లె నుంచి ఆడవాళ్లు పాటలు పాడుకుంటూ వచ్చారు. సమాధుల దొడ్డి దగ్గర మా అయ్యగారు నంబరు చెప్పారు. రెండు పల్లెలూ ఒకే పుస్తకం తెరిచాయి. చరణం తేడా లేకుండా పాడటం అదే మొదటిసారి విన్నాను. తర్వాత జ్ఞాపకార్థ కూటం రోజు భోజనాలు పెట్టాం, అందరికీ ఒకే పంక్తి. మా వాళ్లలో కొందరికి ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి ఉపవాసం గుర్తొచ్చింది.

ఇదంతా అయి పదేళ్లు దాటింది. వర్గీకరణ విషయంలో 1998లో నేను ఎటువైపు ఉన్నానో పైన చెప్పాను. ఇప్పుడు అది న్యాయమనే అంటాను. అందరికీ కలిపి వండిన అన్నం అందరికీ అందలేదని ఒకడు అంటే, వాణ్ణి చీలికవాది అనడం బల్ల దగ్గర ముందు కూర్చున్నవాడి అలవాటు. కొరింథులో పౌలు తిట్టింది కూడా ఆలస్యంగా వచ్చిన కూలీలను కాదు, వాళ్లు రాకముందే తినేసినవాళ్లను. మా పల్లెలో ఈ మాట నచ్చనివాళ్లు చాలామంది ఉన్నారు, కామెంట్లలో రాయండి, చదువుతాను. కోర్టు తీర్పు మీద మీకు వేరే అభిప్రాయం ఉంటే ఉండనివ్వండి. శనివారం రాత్రి ఒకే గదిలో మోకరించడానికి ఒకే అభిప్రాయం ఎప్పటి నుంచి కావాల్సి వచ్చింది? హాస్టల్ పిల్లలను నేను అడగాలనుకున్నది అది. కానీ అడిగే ముందు వేరే పని ఉంది.

మొన్న రాత్రి నా స్నేహితుడికి ఫోన్ చేశాను. ఇప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరు, వాళ్ల సంఘంలో పెద్ద. ఇన్నేళ్లలో పెళ్లిళ్లలో కలిశాం, చావుల్లో కలిశాం, ఈ మాట మాత్రం ఎత్తలేదు. 98లో ఆ ఉత్తరం రాసింది నేనే అని చెప్పాను. మాట కూడా నాదే అని చెప్పాను.

"తెలుసండి" అన్నాడు.

"ఎట్లా తెలుసు? సంతకం నాది కాదు కదా."

"దస్తూరి మీది కదండి. మా నాయన ఉత్తరాలు, మా అక్క స్కాలర్‌షిప్ దరఖాస్తు మీరే రాసేవాళ్లు. మా ఏడిళ్లలో మీ దస్తూరి తెలియని వాళ్లెవరు? ఆ రోజు కాగితం విప్పగానే మా అమ్మ, ఇది మన పిల్లోడు రాసిందే అంది."

నేనేం మాట్లాడలేదు. వాడే కాసేపాగి, "ఆ పుస్తకం ఉందా ఇంకా?" అన్నాడు. ఉంది, కొత్త గుడి బీరువాలో అన్నాను. "చింపొద్దండి. ఉండనివ్వండి" అన్నాడు.

యూనివర్సిటీ సంగతి చెప్పాను. నాతో వస్తావా అని అడిగాను. సెలవు దొరుకుతుందో లేదో చూస్తానన్నాడు. సంక్రాంతికి వాడుకున్నవి పోను ఇంకా రెండున్నాయట. ఎవరి మీటింగుకి అని వాడు కూడా అడిగాడు. పిల్లలు ఒకే చోట పెడితే ఒక చోట, పెట్టకపోతే ముందు లైబ్రరీ వెనక్కి, తర్వాత మెస్సుకి, ఇద్దరం రెండు చోట్లా కూర్చుందాం అన్నాను. ఆ నీలం అట్ట పుస్తకంలో పేజీ జిరాక్సు తీసి తీసుకెళ్దామనుకుంటున్నాను, దాన్ని పిల్లల ముందు నువ్వు చదువుతావా నేను చదవనా అని అడిగాను.

"మీరు రాసింది మీరే చదవండి" అన్నాడు.

తర్వాత పిల్లల చదువుల గురించి, బీపీ గురించి కాసేపు మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేటప్పుడు కూడా "ఉంటానండి" అన్నాడు.

రోస్టర్ గురించి వచ్చే ఆదివారం.